లిగమెంట్ ఒక్కటేనా, ఎముక కూడా సరిచేయించాలా? చేతిలో రెండు ఎస్టిమేట్లు ఉన్నవాళ్లకు

మొన్న ఆదివారం మా చిన్నమ్మ కొడుకు మదనపల్లె నుంచి పొద్దున బస్సుకే బయల్దేరి, బెంగళూరు మారతహళ్లిలో మా ఇంటికి వచ్చాడు. కాఫీ తాగీ తాగకముందే సంచిలోంచి రెండు ఆసుపత్రుల కాగితాలు తీసి టేబుల్ మీద పరిచాడు. ఒకదాంట్లో ఏసీఎల్ రీకన్‌స్ట్రక్షన్ అని మాత్రమే ఉంది, అంటే మోకాలి లోపల ఎముకలను పట్టి ఉంచే లిగమెంట్ తెగితే కొత్తది వేయడం. రెండోదాంట్లో దాని పక్కనే ప్లస్ హెచ్‌టీఓ అని పెన్నుతో చేర్చి ఉంది, అంటే మోకాలి కింది ఎముకను కోసి కాలి వంకర సరిచేయడం. మొత్తం కూడా దాదాపు రెట్టింపు. "ఏది నమ్మాలన్నా? నీకు రెండూ చేసినారు కదా" అన్నాడు.

నేనడిగింది ఒకటే. "నిన్ను నిలబెట్టి, తుంటి నుంచి చీలమండ దాకా ఒకే ఎక్స్-రే తీసినారా?"

తీయలేదట. ఒక ఎమ్మారై, పడుకోబెట్టి తీసిన రెండు మోకాలి ఎక్స్-రేలు, అంతే. ఆ నిలువు ఎక్స్-రే లేకుండా ఈ రెండు కాగితాల్లో ఏది సరైనదో చెప్పడమంటే చెయ్యి చూసి జాతకం చెప్పడమే. ఒక ఆసుపత్రి తక్కువ చేస్తోందనీ చెప్పలేం, ఇంకొకటి ఎక్కువ గుంజుతోందనీ చెప్పలేం.

నేను డాక్టర్ని కాను. ఒకే మోకాలికి రెండుసార్లు బల్ల ఎక్కినవాణ్ణి. మొదటిసారి తొందరపడి, రెండోసారి నాలుగు చోట్ల అడిగి. ఆ తేడాలో నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాను. కోసేది మీ డాక్టరే కాబట్టి చివరి మాట వాళ్లదే. కానీ ఆ మాట ఎందుకు చెప్తున్నారో మీకు అర్థం కావాలి.

నా సంగతి, క్లుప్తంగా

చిన్నప్పటి నుంచి నావి దొడ్డికాళ్లు. బడిలో నా పేరు బ్రాకెట్. పాదాలు రెండూ కలిపి నిలబడితే మోకాళ్ల మధ్య నుంచి టెన్నిస్ బంతి దూరేది. దాన్ని రోగమని ఎవరూ అనుకోలేదు, నేనూ అనుకోలేదు. 2018లో ఆఫీసు క్రికెట్‌లో బంతి వెనక పరిగెత్తి గబుక్కున మలుపు తిరిగితే ఎడమ మోకాలు 'టప్' మంది. ఏసీఎల్ తెగింది. వారం తిరగకుండా ఒక ఆసుపత్రిలో తొడ వెనక హ్యామ్‌స్ట్రింగ్ కండరం నుంచి తీసిన టెండన్‌తో (కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే తాడు లాంటిది) కొత్త లిగమెంట్ వేశారు, లోపలి మెనిస్కస్‌లో (మోకాలి ఎముకల మధ్య మెత్తలా ఉండేది) చిరిగిన ముక్క కత్తిరించారు. ఆ డాక్టర్ ప్యాంటు మోకాలిదాకా మడిపించి మోకాలిని చూశాడు. కాళ్లను చూడలేదు. నిలబెట్టలేదు, నడిపించలేదు.

మూడేళ్లు బాగానే ఉంది. తర్వాత ఒక సాయంత్రం బీఎంటీసీ బస్సు దిగుతూ ఎడమ కాలు ఆనించగానే మోకాలు లోపల జారిపోయింది. కొత్త లిగమెంటూ తెగింది. రెండో డాక్టర్ ముందు నన్ను నిక్కరులో వరండా చివరిదాకా నడవమన్నాడు. అడుగు పడినప్పుడల్లా మోకాలు బయటి పక్కకు విసురుగా తోసుకుపోతోందని నా ఫోన్లోనే వీడియో తీసి చూపించాడు. నా కాలు అలా నడుస్తుందని ముప్పై ఎనిమిదేళ్లలో మొదటిసారి చూశాను.

ఇంటికొచ్చి ఆ రోజే చెప్పులు తిరగేసి చూశాను. ఎడమ చెప్పు మడమ బయటి అంచు కాగితంలా అయిపోయింది. ఇది చదివి మీ చెప్పులు తిరగేయకండి. మడమ బయటి వైపు కొంత అరగడం మామూలు కాళ్లకీ ఉంటుంది, అది రుజువు కాదు.

గీత ఎక్కడ పడుతోంది

నిలువు ఎక్స్-రేలో చూసేది ఇది. తుంటి కీలు మధ్య నుంచి చీలమండ మధ్యకు స్కేలు పెట్టి ఒక గీత గీస్తారు. శరీరం బరువు దిగే దారి అదే. నిటారు కాలిలో ఆ గీత మోకాలి నడిమికి కాస్త లోపలగా, అంటే రెండో కాలి వైపుగా పోతుంది. దొడ్డికాలిలో బాగా లోపలికి జరుగుతుంది. మోకాలి కింది పెద్ద ఎముక, టిబియా, పై పలక వెడల్పును లోపలి అంచు నుంచి నూరు భాగాలు అనుకుంటే, నా గీత ఇరవై దగ్గర పడింది. అంటే బరువంతా లోపలి సగం మీదే. లోపలి గుజ్జు అరగడం ఒక నష్టం. బయటి వైపు సందు తెరుచుకుంటూ లిగమెంట్ మీద అడుగడుగునా లాగుడు పడటం రెండోది. మా తాత వడ్రంగి. వాసకాలు ఒరిగిన తలుపుకు బందులు ఎన్నిసార్లు మార్చినా లాభం లేదని ఆయన తిట్టుకుంటుంటే విన్నవాణ్ణే. నా మోకాలికి ఆ మాట అన్వయించుకోవడానికి రెండు ఆపరేషన్లు పట్టింది.

ఎక్స్-రే తీసేటప్పుడు మీరూ ఓ కన్నేసి ఉంచండి. రెండు కాళ్ల మీదా సమంగా బరువు వేసి నిలబడాలి. మోకాలిచిప్పలు రెండూ నేరుగా ముందుకు చూడాలి. పాదం కాస్త బయటికి తిరిగినా కొలత మారిపోతుంది. నన్ను చిన్న పీట మీద నిలబెట్టి, మూడు భాగాలుగా తీసి కంప్యూటర్లో అతికించారు. నొప్పికి నేను కుడికాలి మీద ఒరిగితే ఆ అబ్బాయి గమనించి మళ్లీ తీశాడు. ఆ అబ్బాయికి ఇప్పటికీ మనసులో దండం పెట్టుకుంటాను. ఎమ్మారైలో ఇదేమీ కనబడదు, పడుకున్న కాలు మీద బరువే లేదు కదా.

ఇంకొకటి, పక్క నుంచి తీసే ఎక్స్-రే. టిబియా పై పలక చదునుగా ఉండదు, ముందు నుంచి వెనక్కి కొంచెం వాలి ఉంటుంది. దీన్నే డాక్టర్లు స్లోప్ అంటారు. ఐదు నుంచి పది డిగ్రీల మధ్య ఉంటే మామూలే. పన్నెండు దాటితే ఏసీఎల్‌కు ఇబ్బంది, ఎందుకంటే నిలబడ్డ ప్రతిసారీ తొడ ఎముక ఆ వాలులో వెనక్కి జారుతుంది, కింది ఎముక ముందుకు వస్తుంది, దాన్ని ఆపాల్సింది ఏసీఎల్. ఒకటికి రెండుసార్లు గ్రాఫ్ట్ (ఆపరేషన్లో వేసిన కొత్త లిగమెంట్) తెగినవాళ్లలో డాక్టర్లు ముందుగా వెతికేది ఈ వాలునే.

వంకర ఉన్నంత మాత్రాన కోత అక్కర్లేదు. 2012లో బెల్జియంలో ఏ మోకాలి జబ్బూ లేని యువతీ యువకులను కొలిచి చూస్తే, మగవాళ్లలో 32 శాతం మందికి, ఆడవాళ్లలో 17 శాతం మందికి కాళ్లలో మూడు డిగ్రీలో అంతకన్నా ఎక్కువో దొడ్డితనం కనిపించింది. అది వాళ్ల ఒడ్డూ పొడుగూ లాంటిదే. మూడు డిగ్రీలు చూపించి భయపెట్టేవాళ్లుంటే ఈ మాట గుర్తు చేయండి.

మనవైపు వాళ్లకు ఇంకో సంగతి కూడా. అనంతపురం, కోలార్ లాంటి ఫ్లోరైడ్ నీళ్ల జిల్లాల్లో పెరిగినవాళ్ల ఎముకల్లో ఆ ఛాయలు ఉండొచ్చు. నల్గొండ వైపు పిల్లల్లో మోకాళ్లు ఒకదానికొకటి రాసుకునేలా వంగిపోవడం గురించి హైదరాబాద్ శాస్త్రవేత్తలు 1973లోనే రాశారు. అలా లోపలికి వంగిన కాళ్లకు లెక్క తిరగబడుతుంది. కోత సాధారణంగా టిబియాకు కాదు, తొడ ఎముక కింది భాగానికి పడుతుంది. ఇక్కడి నుంచి నేను చెప్పేదంతా దొడ్డికాళ్ల గురించే.

ఎవరికి ఏది

కత్తి పడకుండా నెట్టుకురావడం కూడా ఒక దారే. దాన్ని ఎవరూ ఎస్టిమేట్ కాగితంలో రాయరు. నలభై ఐదు దాటి, ఆటలు మానేసి, ఆఫీసు, ఇల్లు, పొద్దున నడక మాత్రమే ఉన్నవాళ్లకు, మోకాలు రోజువారీ పనుల్లో జారకపోతే, మూడు నెలలు గట్టిగా ఫిజియోథెరపీ, తొడ కండరాల బలం, బరువు తగ్గడం చేసి చూడటమే మంచిదని నా అభిప్రాయం. లోపలి భాగం మీద బరువు తగ్గించే బ్రేస్ కూడా దొరుకుతుంది. బెంగళూరు ట్రాఫిక్‌లో దాన్ని రోజూ వేసుకుని తిరిగినవాణ్ణి నేనైతే చూడలేదు. కానీ అది వేసుకుంటే నొప్పి తగ్గిందంటే, ఎముక సరిచేస్తే లాభం ఉండొచ్చనే ఒక సూచన దొరికినట్టే.

లిగమెంట్ ఒక్కటే చాలేవాళ్లే ఎక్కువమంది. పాతికేళ్ల పిల్లాడు, మొదటిసారి తెగింది, అంతకుముందు మోకాలి లోపలి పక్క నొప్పి లేదు, నడకలో విసురు లేదు, గీత నడిమికి దగ్గర్లో ఉంది. వీళ్లకు ఎముక ముట్టుకోవాల్సిన పని లేదు. రెండు మూడు డిగ్రీల దొడ్డితనం ఉన్నా సరే. మెనిస్కస్ కుట్టడానికి వీలుంటే కుట్టించుకోవడం ఇక్కడ ఎక్కువ విలువైన పని. కత్తిరించేసిన మెనిస్కస్ మళ్లీ పెరగదు. నాకు మొదటిసారి కత్తిరించారు, కుట్టడానికి వీలయ్యేదా అని నేను అడగలేదు.

ఎముక ఒక్కటే చాలేవాళ్లు వేరే రకం. వీళ్ల మొదటి ఫిర్యాదు నొప్పి, జారడం కాదు. యాభై ప్రాంతం, లోపలి గుజ్జు అరిగింది, ఏసీఎల్ ఎప్పుడో పదిహేనేళ్ల కింద తెగినా ఆటలు లేవు. వీళ్లకు గీతను మోకాలి మధ్య దాటించి బయటి వైపుకు జరిపితే, ఆ కోతలోనే వాలును కూడా కాస్త తగ్గిస్తే, మోకాలు జారడం కూడా తగ్గిపోయి లిగమెంట్ అవసరమే పడకపోవచ్చు. 1979లో జపాన్‌కు చెందిన ఫుజిసావా చెప్పిన లెక్క ఇప్పటికీ వాడతారు. అరిగిన మోకాలికి గీతను లోపలి అంచు నుంచి అరవై రెండు శాతం దగ్గర పెట్టడం. ఏసీఎల్ తెగిన కుర్రాడికి, గుజ్జు బాగున్నవాడికి అంత తోయరు, యాభై, యాభై ఐదు దగ్గర ఆపుతారు. మీ డాక్టర్‌ను "గీత ఎక్కడ పెడతారు సార్" అని అడిగి చూడండి. అంకె చెప్తే లెక్క వేసుకున్నారన్నమాట. "అంతా మేం చూసుకుంటాం" అంటే నేనైతే ఇంకో చోట కూడా అడుగుతాను.

ఇక రెండూ కావాల్సినవాళ్లు. దొడ్డితనం ఐదు డిగ్రీలు దాటింది, దానికి తోడు మోకాలి లోపలి పక్క నొప్పి, లేదా నడకలో ఆ విసురు, లేదా నాలాగా ఒకసారి వేసిన గ్రాఫ్ట్ తెగింది. జారడమూ ఉంది, నొప్పీ ఉంది, ఇంకా పదేళ్లు గట్టిగా తిరగాల్సిన వయసు. ఇలాంటివాళ్లకు లిగమెంట్ ఒక్కటే వేస్తే కొత్తదాని మీదా పాత భారమే పడుతుంది. ఎముక ఒక్కటే సరిచేస్తే నొప్పి తగ్గినా మలుపు తిరిగినప్పుడు జారుతూనే ఉంటుంది. ఇది నిన్న మొన్న పుట్టిన ఆలోచన కాదు. ఫ్రాన్స్‌లో లియోన్ డాక్టర్లు రెండూ కలిపి చేసిన అనుభవాన్ని 1994లోనే అచ్చు వేశారు.

బయటి గుజ్జు కూడా పోయినవాళ్లకు, రుమటాయిడ్ కీళ్లవాతం ఉన్నవాళ్లకు, మోకాలు ఎంత లాగినా నిటారు కానివాళ్లకు ఈ కోత పనికిరాదు. అరవై దాటి మోకాలంతా అరిగితే మాట మోకీలు మార్పిడి వైపు తిరుగుతుంది, అది వేరే కథ. పొగ తాగేవాళ్లు మానకుండా ఎముక కోయించుకోవడం మాత్రం డబ్బు నీళ్లలో పోసినట్టే, కోసిన చోట ఎముక అతకడానికి పొగాకు పెద్ద శత్రువు.

ఒకే బల్ల మీదా, రెండుసార్లా

రెండూ కావాలని తేలాక వచ్చే ప్రశ్న ఇది. నిద్రపట్టనివ్వనిది కూడా ఇదే.

ఒకేసారి చేయించుకుంటే ఒకే మత్తు, ఒకే సెలవు, ఒకే ఫిజియో. ఇంట్లో వాళ్ల ప్రాణాలు ఒక్కసారే తోడుకుపోతాయి. కానీ పని చిక్కుపడుతుంది. రక్తం రాకుండా తొడకు బిగించే పట్టీని సాధారణంగా రెండు గంటలు దాటనివ్వరు, నా ఆపరేషన్ మొత్తం మూడు గంటలు పట్టింది. లిగమెంట్ కోసం టిబియాలో వేసే సొరంగం, ఎముకను పట్టి ఉంచే ప్లేటు స్క్రూలు, రెండూ ఒకే జానెడు చోటు కోసం కొట్లాడతాయి. మా డాక్టర్ తెల్లకాగితం మీద గీసి చూపించారు. ముందు దుర్బిణితో లోపల చూసి తొడ ఎముకలో సొరంగం, తర్వాత టిబియా కోత, ప్లేటు, పై స్క్రూలు వెనక పక్కకు వాలుగా, అటు తర్వాత ముందు పక్కన టిబియా సొరంగం, అందులోంచి గ్రాఫ్ట్. "వరస తప్పితే స్క్రూ వెళ్లి సొరంగంలో దూరుతుందండీ" అన్నారు. దీన్నిబట్టి మీకు తెలియాల్సింది ఒకటే. ఆ డాక్టర్ ఈ రెండు పనులూ కలిపి తరచూ చేస్తున్నారా అనేది. లిగమెంట్లు బాగా చేసేవారు వేరు, ఎముక కోతలు బాగా చేసేవారు వేరు. రెండూ వచ్చినవారు బెంగళూరులో ఉన్నారు, వెతకాలి.

కలిపి చేస్తే మోకాలు బిగుసుకుపోయే ముప్పు కాస్త ఎక్కువ. నాకు నాలుగో వారంలో కూడా కాలు పూర్తిగా చాపడం రాలేదు. ఫిజియో చేసే అమ్మాయిది మైసూరు, నాతో సగం కన్నడం సగం తెలుగు. మడమ కింద టవల్ చుట్ట పెట్టి, మోకాలి వెనక సందు మంచాన్ని తాకేదాకా పది నిమిషాలు అలాగే ఉంచమనేది. "స్వల్ప ఇంకా, సార్, స్వల్ప" అంటూ తొడ మీద చెయ్యి వేసి నొక్కేది. ఆ స్వల్ప ఎంతో నాకే తెలుసు. మడవడం కంటే చాపడం ముందు రావాలని ఆమె పట్టు పట్టింది, ఇప్పుడు ఆ అమ్మాయిదే రైటని ఒప్పుకుంటాను. నిటారు కాని మోకాలితో జీవితమంతా కుంటాల్సిందే.

విడివిడిగా అంటే ముందు ఎముక, ఆరు నెలలకో ఆ తర్వాతో లిగమెంట్. ఎవరికి నయం? పాత గ్రాఫ్ట్ సొరంగాలు బాగా వెడల్పయిపోయి ముందు వాటిని ఎముకతో నింపాల్సినవాళ్లకు. నొప్పిదే పైచేయి, జారడం అంతంతమాత్రం అన్నవాళ్లకు, ఎందుకంటే ఎముక సరయ్యాక కొందరికి రెండో ఆపరేషన్ అక్కర్లేదని తేలుతుంది. మోకాలి బయటి వెనక మూల లిగమెంట్లు కూడా పాతబడి వదులైపోయినవాళ్లకు ఇది మరీ ముఖ్యం. దొడ్డికాలిలో ఆ మూలను కోత లేకుండా కడితే సాగిపోతుంది. ముందు ఎముక చేసి, నడిచి చూసి, ఇంకా వదులుంటేనే కడతారు. నష్టమల్లా రెండుసార్లు సెలవు, రెండుసార్లు కర్రలు. మధ్యలో ఆ ఆరు నెలలు మోకాలు జారి మెనిస్కస్ ఇంకా చిరగకుండా కాపాడుకోవాలి.

నా సొరంగాలు పెద్దగా వెడల్పవలేదు, జారడం ఎక్కువ, సెలవు ఒక్కసారే దొరుకుతుంది. ఒకేసారి చేయించుకున్నాను. మళ్లీ అయినా అదే చేస్తాను. మా చిన్నాన్నకు ఇదే పరిస్థితి వస్తే మాత్రం విడివిడిగానే చెప్తాను, ఆయనకు షుగర్ ఉంది, మూడు గంటల బల్ల వద్దు.

లోపలి నుంచి తెరవడమా, బయటి నుంచి మూయడమా

ఇప్పుడు ఎక్కువగా చేసేది లోపలి వైపు నుంచి తెరిచే కోత. బయటి అంచున సెంటీమీటరు ఎముక వదిలిపెట్టి, మిగతాది రంపంతో కోసి, పుస్తకం తెరిచినట్టు మెల్లగా తెరుస్తారు. సుమారుగా ఒక మిల్లీమీటరుకు ఒక డిగ్రీ. నాకు ఎనిమిది మిల్లీమీటర్లు తెరిచారు. పది లోపు సందులో ఎముక నింపకుండానే చాలామంది వదిలేస్తారు, లాకింగ్ ప్లేటు పట్టుకుని ఉంటే అదే పూడుకుంటుంది. ఆ వదిలిపెట్టిన బయటి అంచు చిట్లితే మాత్రం అతకడం ఆలస్యమవుతుంది.

ఇందులో ఒక తిరకాసు ఉంది. ముందు, వెనక సందు సమంగా తెరిస్తే పై పలక వాలు పెరుగుతుంది. ఏసీఎల్‌కు అది విషం. వాలు మారకుండా ఉండాలంటే ముందు సందు వెనక సందులో సుమారు సగమే ఉండాలి. అదే పీసీఎల్ (ఏసీఎల్ వెనకుండే జంట లిగమెంట్) తెగినవాళ్లకైతే వాలు కాస్త పెరిగితేనే మేలు. బయటి నుంచి ముక్క తీసి మూసే పాత పద్ధతిలో వాలు తగ్గే స్వభావం ఉంది, ఎముక త్వరగా అతుకుతుంది. కానీ అక్కడ పాదం పైకెత్తే నరం దగ్గర్లో ఉంటుంది, కాలు రవ్వంత పొట్టవుతుంది. వాలు పన్నెండు దాటి, గ్రాఫ్ట్ తెగినవాళ్లకు టిబియా ముందు వైపు నుంచి చిన్న ముక్క తీసి మూసే ఇంకో కోత ఉంది. దొడ్డితనం లేకపోయినా అది చేస్తారు. "వాలు ఎంత సార్, ఆపరేషన్ తర్వాత ఎంత ఉంటుంది" అన్నదే మీ రెండో ప్రశ్న.

గ్రాఫ్ట్ దేనితో అన్న చర్చకు వాట్సాప్‌లో ఎంత చోటిస్తారో ఈ వాలుకు అందులో పదో వంతు కూడా ఇవ్వరు, అది నాకు వింతగా ఉంటుంది. హ్యామ్‌స్ట్రింగ్ అయితే తెరిచే కోతకు పెట్టే గాటులోంచే తీయొచ్చు. నాకు అది మొదటిసారే అయిపోయింది కాబట్టి మోకాలిచిప్ప పైనున్న తొడ టెండన్‌లోంచి తీశారు. మన దగ్గర చీలమండ పక్కనున్న పెరోనియస్ టెండన్ కూడా బాగా వాడుతున్నారు. ఇందులో డాక్టర్ చేతికి అలవాటైనదే మంచిదని నా ఉద్దేశం.

ఇంటికొచ్చాక

ఏసీఎల్ ఒక్కటే అయినప్పుడు రెండో రోజే కాలు ఆనించి నడిపించారు. రెండూ అయ్యాక ఆరు వారాలు బొటనవేలు నేలను తాకించడం తప్ప బరువు లేదు. ఇప్పుడు కొంతమంది డాక్టర్లు ఇంకా ముందే బరువు వేయనిస్తున్నారు, ప్లేటు, అంచు గట్టిగా ఉంటే. మీరుండేది లిఫ్ట్ లేని మూడో అంతస్తు అయితే ఆపరేషన్ తేదీ కంటే ముందు ఇల్లు చూసుకోండి. కేఆర్ పురంలో మా అక్కవాళ్లది గ్రౌండ్ ఫ్లోర్, కమోడ్ ఉంది, ఆ ఆరు వారాలూ అక్కడే. బావ ఆఫీసుకు పోతూ నా కర్రలు మంచానికి కుడి పక్క ఆనించి వెళ్లేవాడు. ఎడమ పక్క పెట్టిన రోజు నేను మంచం దిగలేక మధ్యాహ్నం దాకా కూర్చున్నాను.

పిక్కలో నొప్పి, వాపు, ఊపిరాడకపోవడం వస్తే ఫోన్ చేసి అడగడాలు వద్దు, నేరుగా క్యాజువాలిటీకి వెళ్లాలి. రక్తం గడ్డకట్టే ప్రమాదం ఈ ఆపరేషన్లకు ఉంది. పడుకున్నప్పుడు పాదం ఆడిస్తూ ఉండమనేది అందుకే.

బండి విషయం. ఎడమ కాలు కాబట్టి బైక్ గేరు, కారు క్లచ్ రెండూ పోయాయి. ఆటోమేటిక్ కారున్నవాళ్లకు ఎడమ కాలైతే కాస్త సుఖం, కుడి కాలైతే ఏదైనా ఒకటే. నేను ఆఫీసుకు పూర్తిగా వెళ్లింది మూడో నెలలో. పరుగు ఎనిమిదో నెలలో. క్రికెట్ ఏడాది దాటాక, అది కూడా స్లిప్‌లో నిలబడటం. పద్మాసనం వేసి భోజనానికి కూర్చోవడం ఏడాదిన్నరకు వచ్చింది, అదీ ప్లేటు తీయించాక. కింద కూర్చుంటే టీ అక్షరం ఆకారపు ప్లేటు అంచు చర్మం కింద గుచ్చుకునేది. తీసినప్పుడు డబ్బాలో వేసి ఇచ్చారు, ఎనిమిది స్క్రూలతో సహా. మా అమ్మాయి దాన్ని దేవుడి గూట్లో పెట్టింది, నేను తీయలేదు.

డబ్బు

రెండో ఎస్టిమేటు ఎందుకు పెరిగిందో వరసగా రాయించుకోండి. ప్లేటు ఒకటి, గ్రాఫ్ట్ బిగించే పరికరాలు ఒకటి, థియేటర్ గంటలు ఒకటి, రెండో డాక్టర్ ఉంటే ఆయన ఫీజు. 2017 ఆగస్టులో కేంద్రం ధర పరిమితి పెట్టింది మోకీలు మార్పిడి పరికరాలకు. ఈ ప్లేట్లు, స్క్రూలు దాంట్లోవి కావు, కాబట్టి ఒకే రకం ప్లేటుకు రెండు ఆసుపత్రుల్లో రెండు ధరలు చెప్తే ఆశ్చర్యపోకండి, బేరం ఆడండి.

బీమాకు ముందస్తు అనుమతి కాగితంలో రెండు ఆపరేషన్ల పేర్లూ ఉండాలి. ఒకటే రాసి, రెండోది డిశ్చార్జ్ రోజున తేలితే మీరు కౌంటర్ దగ్గర నిలబడాల్సి వస్తుంది. గది అద్దె పరిమితి చూసుకోండి, పరిమితి దాటిన గది తీసుకుంటే మొత్తం బిల్లులోనే ఆ నిష్పత్తిలో కోత పెట్టే పాలసీలున్నాయి. ప్లేటు తీయించడం తర్వాతి ఏడాది ఇంకో క్లెయిము, పాలసీ మధ్యలో వదిలేయకండి. ప్రైవేటు భారం మోయలేనివాళ్లకు జయనగరం పక్కన బైరసంద్రలో ప్రభుత్వ సంజయ్ గాంధీ ట్రామా, ఆర్థోపెడిక్స్ సంస్థ ఉంది. వరస పొడుగు, కానీ అక్కడికి మోకాళ్ల కోసమే వచ్చే డాక్టర్లున్నారు. కనీసం ఆ నిలువు ఎక్స్-రే, ఒక అభిప్రాయం అక్కడ తీసుకోవడానికి మొహమాటపడాల్సిన పనిలేదు.

మా తమ్ముణ్ణి సోమవారం తీసుకెళ్లాను. చిప్పలు ముందుకు చూసేలా నిలబెట్టి తీశారు. దొడ్డితనం రెండున్నర డిగ్రీలు, గీత నలభై దాటి పడింది, వాలు ఎనిమిది, నడకలో విసురు లేదు. మెనిస్కస్ వెనక కొమ్ములో చిరుగు కుట్టడానికి వీలుందట. రెండు కాగితాల్లో చవకది మడిచి జేబులో పెట్టుకుని, "రెండోది ఏం చేయాలన్నా" అన్నాడు. వెనక వైపు ఖాళీగా ఉంది కదా, కుట్టు గురించి అడగాల్సినవి రాసుకోమన్నాను.